సురత్రాణుడంటే ఎవరు?

రాజవంశాలు అంతరిస్తాయి, వాటి బిరుదులు మిగిలిపోతాయి. బిరుదు ధరించినవాడు లేడు, దానిని రాతిలో చెక్కిన శిల్పి లేడు, వంది మాగధులు చదువుతూ ఉంటే విన్న జనమూ లేరు. ఇక ఆ మాటకు అర్థమేమిటో తేల్చుకోవలసిన భారం మనమీద పడుతుంది. వివాదాలు పుట్టేది అక్కడే.

ఐరోపాలో ఇందుకు పేరుమోసిన ఉదాహరణ సవాయ్ వంశం. ఇటలీ రాజ్యాన్ని 1946 వరకు ఏలిన ఈ వంశం తన చిహ్నంలో ‘ఫెర్ట్’ అన్న చిన్న మాటను శతాబ్దాల తరబడి నిలుపుకున్నది. లాటిన్ భాషలో దానికి ‘మోయును’, ‘భరించును’ అని అర్థం. ఎవరు మోస్తారు, ఏమి మోస్తారు? ఆ సంగతి చెప్పలేదు. అవి నాలుగు మాటలకు పొడి అక్షరాలనీ, వంశపు పూర్వికుడొకడు రోడ్స్ ద్వీపాన్ని కాపాడిన ఘనతకు గుర్తులనీ తరువాతివారు కథ అల్లారు. చరిత్రకారులు దానిని అంగీకరించలేదు. ఆస్ట్రియాలో హాప్స్‌బర్గ్ చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్ 15వ శతాబ్దంలో తన కట్టడాల మీద, పుస్తకాల మీద ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అయిదు అచ్చులు వ్రాయించాడు. వాటికి ఇంతవరకు పుట్టిన వ్యాఖ్యానాలు మూడు వందలకు పైమాటే.

అంతదూరం పోనక్కరలేదు. ఇంతకంటె విలువైన చిక్కుముడి మన ఇంటిలోనే ఉన్నది.

మన రాజులు డాలు మీద నినాదం వ్రాసుకోలేదు. ఆ పని వారి బిరుదావళి చేసింది. విజయనగర రాజ్యానికి వరాహలాంఛనం ముద్ర అయితే, శాసనాల మొదట ఒక వరుసలో నడిచే బిరుదులు దాని నినాదం. వాటిలో ‘మూరురాయర గండ’ ఒకటి. ‘గండ’ అంటే కన్నడంలో మగడు, వీరుడు. తెలుగువాని చెవికి మాత్రం ముందుగా వినిపించేది ‘గండం’. ఇక ఆ ముగ్గురు రాజులు ఎవరు? చేర చోళ పాండ్యులన్నవారున్నారు. అశ్వపతి, గజపతి, నరపతి అన్నవారున్నారు. ఎవరిని ఎంచుకున్నా ఆ బిరుదుకు కలిగే లోటు లేదు.

కాని 14వ శతాబ్దం నడిమి నుంచి సంగమ వంశీయులూ, వారి తరువాత శ్రీకృష్ణదేవరాయల వంటి ప్రభువులూ ధరించిన మరొక బిరుదు సంగతి వేరు. అది ‘హిందూరాయ సురత్రాణ’. దీనికి ఏ అర్థం చెబుతామన్న దానిని బట్టి ఒక సామ్రాజ్య చరిత్ర అంతా రంగు మారుతుంది.

సంస్కృతం తెలిసినవానికి ఇందులో సందేహమే తోచదు. సురలు దేవతలు, త్రాణం రక్షణ. కాబట్టి సురత్రాణుడు దేవతలను రక్షించేవాడు. 1900లో రాబర్ట్ స్యూయల్ తన ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ గ్రంథంలో విజయనగరాన్ని ముస్లిం దండయాత్రలకు అడ్డుకట్టగా చిత్రించిన తరువాత, ఈ అర్థం ఆ చిత్రానికి చక్కగా అమరింది. హిందూరాజులలో దేవతలను కాపాడినవాడు అంటే కాదనేదెవరు?

అయితే ‘సురత్రాణ’ అన్నది ‘సుల్తాన్’ అనే అరబ్బీ మాటకు సంస్కృత వేషం. సంస్కృత శాసనకర్తలు ఢిల్లీ సుల్తానులను సైతం సురత్రాణులనే పేర్కొన్నారు. వారిని దేవతారక్షకులని పొగడటం ఆ శాసనకర్తల ఉద్దేశం కాదు గదా! కొన్ని శాసనాలలో ఈ బిరుదే ‘సురతాళ’ అన్న రూపంలో కనిపిస్తుంది. ఈ రూపంలో సురలను వెదకవచ్చు గాని త్రాణం దొరకదు. సుల్తాను మాత్రం దొరుకుతాడు. అప్పుడు బిరుదుకు అర్థం ‘హిందూరాజులలో సుల్తాను’ అని అవుతుంది. ఈ సంగతి గుర్తించిన శాసన పండితులు పూర్వమే ఉన్నారు. దీనిని ఆధారం చేసుకుని విజయనగర ఆస్థాన సంస్కృతిని విపులంగా చర్చించినవాడు అమెరికన్ పండితుడు ఫిలిప్ వాగనర్. ఆయన వ్యాసం 1996లో వెలువడింది.

వాగనర్ మాటతో ఊరుకోలేదు, ఉడుపును కూడా చూపించాడు. విజయనగర సభలో రాజులూ, అధికారులూ ధరించిన పొడవాటి అంగీ పేరు కబాయి. అది అరబ్బీ ‘కబా’. తలమీది నిలువు టోపీ కుళ్ళాయి. అది పారసీ ‘కులాహ్’. తిరుమల ఆలయంలోని కృష్ణదేవరాయల లోహవిగ్రహం తలమీద ఉన్నదీ, లేపాక్షి చిత్రాలలోని పురుషుల శిరస్సులమీద కనిపించేదీ ఈ కుళ్ళాయే. కన్నడ రాజ్య సభకు పోయిన శ్రీనాథుడు కుళ్ళాయి పెట్టుకొనక తప్పలేదని ఆయన పేరిట చెప్పే చాటువు వలన పాఠకులకు తెలిసే ఉంటుంది. ఆనాడు రాజసభకు తగిన మర్యాద అటువంటిది. అధికారానికి ఆ కాలంలో చెల్లుబాటు అయిన మాట సుల్తాను. ఆ మాటను విజయనగర ప్రభువులు తమదిగా చేసుకున్నారు.

ఇందువలన అప్పుడంతా సామరస్యమే వెల్లివిరిసిందని పొరబడరాదు. మధుర సుల్తానుల మీద కుమార కంపన దండెత్తి గెలిచాడు. ఆ విజయాన్ని ఆయన భార్య గంగాదేవి ‘మధురావిజయం’ కావ్యంగా రచించింది. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో దక్కన్ సుల్తానులు ఏకమై విజయనగరాన్ని కూలదోశారు. మాట అరువు తెచ్చుకున్నంత మాత్రాన వైరం పోదు. అట్లే వైరం ఉన్నంత మాత్రాన మాట ఆగదు. హిందూరాయ సురత్రాణుడైన కృష్ణదేవరాయలే ‘యవనరాజ్య స్థాపనాచార్య’ అన్న బిరుదును కూడా గర్వంగా ధరించాడు. ఒక్క మనిషి మీద ఈ రెండు బిరుదులు ఎట్లా అమరినవో ఆలోచించకుండా ఆ కాలం మనకు అర్థం కాదు.

బిరుదులోని మొదటి మాట మరీ విచిత్రం. ‘సింధు’ పారసీకుల నోట ‘హిందూ’ అయి తిరిగి మనవద్దకు వచ్చింది. అనగా ఈ బిరుదులో మొదటిది పారసీ రూపం, చివరిది అరబ్బీ మాటకు సంస్కృత రూపం. నడుమనున్న ‘రాయ’ ఒక్కటే బయటికి పోకుండా ఇంటిపట్టున ఉన్నది.

మాటలు ఇట్లా తిరగటం రాజసభలకే పరిమితం కాదు. నేను నివసించే గోరిమేడు పుదుచ్చేరి పట్టణపు అంచున, జిప్మర్ ఆస్పత్రి ఉన్న పేట. ‘గోరి’ పారసీ ‘గోర్’ నుండి వచ్చింది. తెలుగువానికైనా తమిళునికైనా అది సమాధి. ‘మేడు’ తమిళంలో మిట్ట. బస్సు కండక్టరు రోజుకు ఎన్నిమార్లు ఆ పేరు కేకవేసినా, తాను సగం పారసీ మాట్లాడుతున్నానని అనుకోడు. అనుకోవలసిన పనీ లేదు. మాట ఇంటిదైపోయింది.

అనువాదకునికి మాత్రం అంత సులువుగా తప్పించుకునే వీలు లేదు. ఇంగ్లీషు గ్రంథంలో ‘హిందూరాజులలో సుల్తాను’ అని ఉన్నచోట నేను మూలబిరుదును ఉన్నదున్నట్లు తిరిగి వ్రాస్తే, తెలుగు పాఠకుడు తిన్నగా దేవతారక్షకుని దగ్గరకు వెళ్ళిపోతాడు. గ్రంథకర్త చెప్పదలచిన సంగతి ఎగిరిపోతుంది. అట్లా కాక ‘సుల్తాను’ అని విప్పి వ్రాస్తే, ఆ మాటకు అంత చక్కని సంస్కృత రూపం కల్పించిన శాసనకవి నేర్పు మాయమవుతుంది. శ్లేష అంటే ప్రాణం పెట్టే కవులు ఆ అక్షరాలలో దాగిన రెండో అర్థాన్ని గమనించలేదనుకోవటం వారిని తక్కువ చేయటమే.

అందుచేత నా మటుకు నేను బిరుదును యథాతథంగా నిలిపి, వెంటనే ‘అనగా హిందూరాజులలో సుల్తాను’ అని విప్పి చెబుతాను. మాటకు అర్థం సుల్తాను. దేవతలు ఆ మాటకు తొడిగిన ఆభరణం. ఆభరణాన్ని చూసి ముచ్చటపడవచ్చు. అదే మనిషి అనుకుంటే మాత్రం, దానిని ధరించి ఆరువందల ఏళ్ళ క్రిందట సింహాసనం మీద కూర్చున్నవాడు మన కంటికి ఎన్నటికీ కనపడడు.