అవ్వ చెప్పే భారతం

కుప్పం, పుంగనూరు వైపు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ఏదో ఒక ఊళ్లో భారతం జరుగుతూనే ఉంటుంది. మామూలుగా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసురుడికి బండెడు అన్నం ఊరేగుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కి, కింద కొంగు పట్టిన ఆడవాళ్లకు నిమ్మకాయలు విసురుతాడు. చివరి రోజు నేల మీద మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడు పడిపోతాడు. సాయంత్రం అగ్నిగుండం. సెలవులకు వచ్చిన పిల్లలు ఇదంతా నోరు తెరుచుకుని చూస్తారు. అసలు పరీక్ష ఇంటికొచ్చాక పెద్దవాళ్లకు మొదలవుతుంది.

“అవ్వా, ధర్మరాజు మంచోడు కదా, మరి ద్రౌపదిని ఎందుకు పందెం పెట్టినాడు?”

“దేవుళ్లను అట్లా అనకూడదు, కండ్లు పోతాయి” అనేస్తే ఆ పూటకు గండం గడుస్తుంది. పిల్ల మాత్రం రెండోసారి అడగదు. ఈ గొడవంతా ఎందుకని జూదం ఘట్టాన్నే ఎగరగొట్టి చెప్పే అమ్మానాన్నలూ ఉన్నారు. కానీ ఆ ప్రశ్న నిండు సభలో మొదట అడిగింది ద్రౌపదే. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని నిలదీసింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమంటూ తప్పుకున్నాడు. కౌరవ తమ్ముళ్లలో వికర్ణుడొక్కడు ఆమె పక్షాన నోరు విప్పాడు. చిత్తూరు సీమ పల్లెల్లో ధర్మరాజుల గుడికి వెళ్తే, తప్పు చేసిన ధర్మరాజూ, అడిగిన ద్రౌపదీ ఒకే చోట పూజలందుకుంటూ కనిపిస్తారు. పదేళ్ల పిల్లకు ఈ మాట చెప్పి చూడండి. తర్వాతిసారి గుడికి తనే బయలుదేరుతుంది.

ఐదేళ్ల వాడికి బకాసురుడు చాలు. ఆశ్రయమిచ్చిన ఇంటివాళ్ల వంతు వస్తే కుంతి వాళ్ల బిడ్డకు బదులు తన బిడ్డను పంపింది. వాడికి మాత్రం భీముడు తిన్న అన్నమే గుర్తుంటుంది, ఉండనివ్వండి! నిద్రపోతున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపిన కథ ఇంకొన్నేళ్లు ఆగొచ్చు. ఎంత పుణ్యకథ అయినా అది పక్క మీద చెప్పేది కాదు.

పుంగనూరు దగ్గర చౌడేపల్లె బోయకొండ గంగమ్మ కథ చెప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. నవాబు సైన్యం ఊళ్ల మీద పడితే బోయలు కొండెక్కి మొరపెట్టుకున్నారనీ, అమ్మ ఖడ్గం పట్టి ఆ సైన్యాన్ని తరిమిందనీ ఐతిహ్యం. విన్న పిల్లవాడు మర్నాడు బడిలో తన ముస్లిం స్నేహితుడి పక్కనే కూర్చోవాలి. అది ఊళ్లు దోచే సైన్యం కథే గానీ పక్క బెంచీ వాళ్ల కథ కాదని అదే రాత్రి చెప్పాలి. వీలైతే ఆ వెంటనే యూసుఫ్ కథ కూడా. అన్నలు బావిలో పడేస్తే, కరువొచ్చినప్పుడు ఆ అన్నలకే ధాన్యం ఇచ్చినవాడు. బైబిల్లో యోసేపూ ఆయనే. పాండవుల దాయాదుల తగవు విన్న పిల్లలకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

మదనపల్లెలో పిల్లలకు చెప్పదగ్గ కథ మరొకటుంది. 1895లో ఆ ఊళ్లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో దివ్యజ్ఞాన సమాజం పెద్దలు చేరదీశారు. లోకానికి రాబోయే జగద్గురువు ఈయనే అన్నారు. ఆయన కోసం ఒక సంఘమే పెట్టారు. ఆయన 1929 ఆగస్టు 3న హాలెండ్‌లో వేలమంది ఎదుట ఆ సంఘాన్ని రద్దు చేసేశారు. తనకు శిష్యులు అక్కర్లేదన్నారు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు.

“అంతమంది దండం పెడుతుంటే వద్దన్నాడా? ఎందుకు?” అని పిల్లలు అడుగుతారు. ఆ రాత్రి నిద్ర కాస్త ఆలస్యమవుతుంది.