తెల్లబంతి ఎక్కడ ఆగింది?

అల్లూరులో కూర్చుని ఈ సంచిక ప్రూఫులు దిద్దుతుంటే నా చిన్ననాటి నేస్తం పదేపదే గుర్తొచ్చాడు. వాడు పోయి ఏడాదైంది. వరికోతలై నాలుగు డబ్బులు చేతిలో ఆడితే చాలు, ఇద్దరం నెల్లూరు బస్సెక్కి పూల్ బల్ల దగ్గర వాలిపోయేవాళ్ళం. వాడు కర్ర కొనకు నీలం సుద్ద రుద్ది, బల్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, అప్పుడు వంగేవాడు. ఇంటికొచ్చేసరికి ఆ నీలం మరక తెల్లచొక్కా జేబుమీద ఉండేది. బంతి గుంటలో పడితే నాకు పండగే. వాడు మాత్రం, "పడ్డం కాదు అబ్బయా, తెల్లబంతి ఎక్కడ ఆగిందో చూడు" అనేవాడు. తర్వాతి దెబ్బకు దారి అక్కడే ఉంటుంది మరి.

పూల్ లాంటి ఈ బల్ల ఆటలతో మన దేశానిది పాత బంధం. స్నూకర్ 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో పుట్టింది. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచిన విల్సన్ జోన్స్, స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ప్రపంచ విజేత. ఆ కథ నాకు చెప్పింది వాడే.

ఈ సంచికను స్నేహానికి అంకితం చేస్తున్నాం. చదివాక, చాన్నాళ్ళుగా పలకరించని మీ నేస్తానికి ఒక్కసారి ఫోన్ చేయండి. రేపటికి వాయిదా వేయకండి.