నీడ లేని మధ్యాహ్నం

వేసవిలో ఉదయపు నడక ఆరోగ్యానికి మంచిదని అందరికీ తెలిసినదే. ఆ నడకకు ప్రతిదినమూ ఒక ఛాయాచిత్రాన్ని, దాని క్రింద నాలుగు పంక్తుల కవితను జోడిస్తే మనసుకూ మేలు కలుగుతుంది. అయితే ఈ రెండింటికీ పని విభజన అవసరం. ఎదుట ఉన్నదానిని కెమెరా చూపుతుంది. కెమెరాకు అందనిదానిని కవిత చెప్పాలి.

ఈ జోడింపు కొత్తది కాదు. చిత్రాన్నీ హైకూనూ ఒకే కాగితంపై కూర్చే ‘హైగా’ సంప్రదాయం జపానులో ఉన్నది. బుసోన్ (1716–1784) కవిగాను, చిత్రకారుడుగాను అందులో ప్రసిద్ధుడు. మనకు ఆచార్య ఎన్. గోపి 1997లో ‘నానీ’ని అందించారు. నాలుగు పాదాలు, 20 నుండి 25 అక్షరాలు. ఛాయాచిత్రం అంచున చక్కగా ఇమిడే కొలత!

ఈ సాధనకు సుందర ప్రదేశాలను వెదకనక్కరలేదు. బిలాస్‌పూర్‌కు పడమట సుమారు 30 కిలోమీటర్ల దూరాన, మనియారి నది ఒడ్డున ఉన్న తఖత్‌పూర్ వంటి చిన్న పట్టణమే చాలు. ఏప్రిల్ నెలలో ఆ ప్రాంతపు పల్లెదారులలో నడిస్తే ఇప్పచెట్ల క్రింద పూలు ఏరే స్త్రీలు కనిపిస్తారు. ఆ పూలను ఎండబెట్టి అమ్ముకుంటారు. సూర్యోదయమైన గంటలోపు ఏటవాలు వెలుగులో తీసిన చిత్రంలో బుట్ట, పూలు, చేతులు స్పష్టంగా వస్తాయి. గడచిన రాత్రి మాత్రం రాదు. అది కవిత వంతు:

రాత్రంతా
రాలుతూనే ఉంది చెట్టు
తెల్లారేసరికి
బుట్ట నిండా బువ్వ

జూన్ మొదటి వారంలో మరొక వింత చూడవచ్చు. తఖత్‌పూర్ సుమారు 22.1 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, కర్కటరేఖకు కొంచెం దిగువన ఉన్నది. ఉత్తరానికి పయనించే సూర్యుడు ఆ రోజులలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం చేరువలోనే ఉండటం వలన, ఇది గడియారంలో దాదాపు 12 గంటలకే జరుగుతుంది. ఆ క్షణాన నిటారు స్తంభానికి నీడ ఉండదు. సూర్యాస్తమయ వేళకు అదే స్తంభం నీడ ఆగ్నేయం వైపు సాగుతుంది. శ్రీకాకుళం ఉన్నది ఆ వైపుననే. నీడ లేని చిత్రం క్రింద ఇలా వ్రాసుకోవచ్చు:

మిట్టమధ్యాహ్నం
నీడను మింగిన స్తంభం
సాయంత్రానికి
ఊరి దిక్కు చాచింది

ఈ అభ్యాసానికి మరొక ప్రయోజనమున్నది. ఉద్యోగాల నిమిత్తం బిలాస్‌పూర్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది పిల్లల చదువు హిందీలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ‘మహువా’ తెలిసిన పిల్లవానికి ‘ఇప్ప’ తెలియకపోవచ్చు. ‘తేందూ’ తెలిసినవానికి ‘తునికి’ తెలియకపోవచ్చు. వాచకం ముందుంచితే ముఖం త్రిప్పుకునే పిల్లవాడు, తాను తీసిన చిత్రం క్రింద అమ్మో నాన్నో వ్రాసిన నాలుగు పంక్తులను కుతూహలంతో కూడబలుక్కుంటాడు. ఒక తరంలో చేజారే భాష మరుతరానికి దొరకటం కష్టం.

నేడు ప్రతి జేబులోను కెమెరా ఉన్నది. రోజుకు ఒక్క చిత్రాన్నే ఎంచుకోండి. వారానికొకసారి అచ్చువేయించి నోటుపుస్తకంలో అతికించి, కవితను స్వహస్తంతో వ్రాయండి. పిల్లలు తామూ వ్రాస్తామంటే అక్షరాల లెక్క తప్పినా దిద్దకండి. ఎండ ముదరకముందే ఇల్లు చేరండి. వెళ్ళేటప్పుడు మాత్రం పిల్లలను వెంట తీసుకువెళ్ళండి.