ఒత్తు కాదు సార్, పొల్లు

మా ఆదోని కాలేజీలో తెలుగు వ్యాసరచన పోటీకి బహుమతి పత్రాలు పంచిన మరునాడు ఒక కుర్రవాడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. యెమ్మిగనూరునుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే పిల్లవాడు. పేరు మహబూబ్‌బాషా అనుకోండి. అసలు పేరు పత్రికకెక్కించడం మర్యాద కాదు. పత్రం నా చేతికిచ్చి, "నా పేరు ఇట్ల లేదు సార్" అన్నాడు. చూద్దును గదా, పొల్లుతో ఆగి 'బా' విడిగా రావలసింది పోయి, బకు బ ఒత్తు తగిలి 'మహబూబ్బాషా' అయి కూర్చుంది.

తెలుగు పంతుళ్లకు ఒక దురలవాటు ఉంది. "ఏముందిలే నాయనా, ద్విత్వం వచ్చింది, పలకడంలో తేడా లేదు గదా!" అని నవ్వేశాను. అతను నవ్వలేదు. "బ్యాంకు పుస్తకంలో ఒక తీరు, మార్కుల పత్రంలో ఒక తీరు, దీంట్లో ఇంకో తీరు. ఏది నా పేరు సార్?" అన్నాడు. ఆ పత్రం టైపు చేసినవాడిని నేనే. ఏం చెప్పను?

వెనకటి అచ్చాఫీసుల్లో ఈ చిక్కు లేదు. కంపోజిటరు గళ్లలోంచి సీసపు అక్షరాన్ని చేత్తో ఏరుకునేవాడు. పొల్లు కావాలంటే పొల్లు, ఒత్తు కావాలంటే ఒత్తు. కంప్యూటరుకు ఆ విచక్షణ లేదు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరసగా వచ్చాయంటే రెండోదాన్ని కిందికి దింపి ఒత్తు చేస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే యంత్రం తనంతట తాను పాటించే ఇటువంటి ఏర్పాటునే డిఫాల్టు అంటారు. వద్దనుకుంటే ఆ రెంటి మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటి పెట్టాలి. జీరో విడ్త్ నాన్‌జాయినర్ అని దానికి నామకరణం చేశారు. కొన్ని కీబోర్డుల్లో అది మూలన దాక్కుని ఉంటుంది, కొన్నిటిలో అసలే ఉండదు. నేను వాడేదాంట్లో లేదు.

ఆ కీబోర్డు ఓపెన్ సోర్సు బాపతు. అంటే దాని మూలపాఠం ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. దోషం కనబడితే రాసి తెలపవచ్చు. ఫిర్యాదుకు నంబరు పడుతుంది, అందరికీ కనబడుతుంది. నేను రాసిన ఫిర్యాదు పేజీన్నర వచ్చింది. తెలుగు లిపి వైభవంతో మొదలైంది. కుర్రవాడు అదంతా కొట్టేసి మూడు వాక్యాలు మిగిల్చాడు. ఏమి టైపు చేశాం, ఏమి వచ్చింది, ఏమి రావాలి. అంతే.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది: "ఇది దోషం కాదు, ఏర్పాటే అటువంటిది." ఆ లోకంలో ఇది పాత పాటేనట. మొజిల్లా వారి కోసం పుట్టిన బగ్‌జిల్లా అనే ఫిర్యాదుల చిట్టాలో "మా దగ్గర బాగానే ఉంది", "దీన్ని దిద్దం" అని మూసేయడానికి ముద్రలే ఉన్నాయి.

నాకు మాత్రం కోపం రాలేదు. జవాబు సగం నిజమే. అమ్మ, అక్క, పద్మ, లక్ష్మి - తెలుగుకు ఒత్తే సహజం. అక్కను పిలిచినప్పుడల్లా అదనంగా ఒక మీట నొక్కమంటే ఎవరు భరిస్తారు? డిఫాల్టు మారుస్తామంటే ముందు నేనే అడ్డుపడతాను. "మీ పేర్లో పొల్లు లేదు కాబట్టి అట్ల అంటున్నారు సార్" అన్నాడు కుర్రవాడు. యెమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టింది 1938లో. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాడు కనుక, "పేక రంగు ఎప్పుడన్నా మార్చొచ్చు సార్. పడుగు ఎక్కించినాక అడిగితే ఏం లాభం?" అన్నాడు.

పడుగు దగ్గరే పెద్ద పెద్ద తగాదాలు జరిగాయి. 2012 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 12.10లో, సొంత కంప్యూటరులో దేనికోసమైనా వెతికితే అమెజాన్ సరుకులు కూడా చూపించే ఏర్పాటు డిఫాల్టుగా పెట్టారు. "ఇష్టం లేనివారు ఆపుకోవచ్చు గదా" అని ఒకరు. "ఇష్టమున్నవారే పెట్టుకోవచ్చు గదా" అని ఇంకొకరు. రెండు మాటలూ ఒకటిగానే వినబడతాయి. కాని మనలో చాలామంది దేన్నీ ముట్టుకోకుండా ఉన్నదాంతోనే సరిపెట్టుకుంటాం. పోరంతా ఆ మాట్లాడనివారి తరఫున ఎవరు నిర్ణయించాలన్నదే. 2016లో 16.04 వచ్చేసరికి ఆ ఏర్పాటును డిఫాల్టుగా ఆపివేశారు.

ఈ కనబడని గుర్తుకు ఒకసారి ప్రపంచఖ్యాతి కూడా వచ్చింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరంలో దీర్ఘానికి ముందు ఇది ఇరుక్కుంటే ఐఫోన్లలో సందేశాల అప్లికేషన్లు కుప్పకూలాయి. పాపం, తెలుగుకు చెడ్డపేరు! ఆ మూలపాఠం కంపెనీ గుప్పిట్లో ఉంది గనుక దిద్దుబాటూ వారే ఇవ్వాలి. ఆ నెల 19న ఇచ్చారు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీసు వంటివాటిలో అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ అలా కాదు, తెరిచిన పుస్తకం. చదివేవాళ్లం మనం ఉండాలి గాని.

కుర్రవాడూ నేనూ రాజీపడి మళ్లీ రాశాం: డిఫాల్టు ఉండనివ్వండి, ఒక మీట ఇవ్వండి. ఇప్పుడు ఆ మీట ఎక్కడ పెట్టాలని తర్జనభర్జన. స్థలం చాలదని ఒకాయన, పొల్లు రెండుసార్లు నొక్కితే చాలునని ఒకామె. ఫిర్యాదు ఇంకా మూయలేదు. నంబరు నా డైరీలో ఉంది. బహుమతి పత్రం మాత్రం, ఆ గుర్తును వేరేచోటనుంచి ఎత్తి తెచ్చి అతికించి, మళ్లీ అచ్చువేయించి, ప్రిన్సిపాలుగారి సంతకం రెండోసారి పెట్టించి ఇచ్చాను.

ఈ వ్యాసాన్ని పేజీలో కూర్చేవారికి ఒక మనవి: మొదటి పేరాలో ఆ పేరు రెండుసార్లు వస్తుంది. రెండూ ఒకలాగే చేసేయకండి.