గొంతు కోసే ముందు గొంతు చూడండి సార్!

థైరాయిడ్ ఆపరేషన్ అనగానే మనవాళ్లు అడిగే ప్రశ్నలు మూడు. ఎంత ఖర్చవుతుంది? మచ్చ పడుతుందా? జీవితాంతం మాత్ర వేసుకోవాలా? నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు: "ఆపరేషన్ తర్వాత నా గొంతు నాకుంటుందా?" అడగాల్సిన పేషెంటుకి అలాంటి ప్రశ్న ఒకటుందనే తెలియదు. తెలిసిన డాక్టరేమో "ఏం కాదమ్మా" అనేసి సంతకం పెట్టించుకుంటాడు.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. హైదరాబాదులో కోడు రాసుకుని బతికే ఇంజనీరుని. ఊరు దేవరకొండ పక్కన. "నీకెందుకురా డాక్టర్ల సంగతి?" అనేవాళ్లకి నా జవాబు ఒక్కటే. పోయేది మావాళ్ల గొంతు కాబట్టి!

సంగతేంటంటే, థైరాయిడ్ గ్రంథి వెనకాల, శ్వాసనాళాన్ని ఆనుకుని, చెరోవైపు ఒక సన్నటి నరం ఉంటుంది. పేరు రికరెంట్ లారింజియల్ నరం. ఎడమవైపుది తిన్నగా గొంతుకి రాకుండా ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే బృహద్ధమనిని చుట్టి మళ్లీ పైకొస్తుంది. (ఇంత వంకర వైరింగు నేను చేసుంటే ఈపాటికి ఉద్యోగం ఊడేది.) స్వరతంత్రుల్ని కదిలించేది ఈ నరమే. మాట్లాడేటప్పుడు తంత్రులు రెండూ దగ్గరకొస్తాయి, ఊపిరి తీసుకునేటప్పుడు విడిపోతాయి. ఆపరేషన్లో నరం తెగినా, సాగినా, కరెంటు పరికరం వేడికి కమిలినా, ఆ వైపు తంత్రి కదలడం మానేస్తుంది.

ఇదేదో కోటికొకరికి జరిగే ముచ్చట కాదు. 2009లో వచ్చిన ఒక సమీక్ష సుమారు 25,000 మంది పేషెంట్ల లెక్కలు కలిపి చూసింది. తాత్కాలికంగా దెబ్బతిన్నవాళ్లు దాదాపు 10 శాతం, శాశ్వతంగా దెబ్బతిన్నవాళ్లు 2 శాతం పైచిలుకు. అందులో అసలు గమ్మత్తు ఇంకోటుంది. ఏ పరీక్షతో చూశారన్నదాన్ని బట్టి ఈ అంకె చాలా తేడాగా వచ్చింది. అంటే వెతికినవాడికి దొరుకుతుంది, వెతకనివాడి రికార్డు శుభ్రంగా ఉంటుంది!

"మాట బాగానే ఉందిగా, ఇంకేం చూడాలి?" అంటారు. చెవితో వింటే తెలిసే విషయం కాదండీ ఇది. ఒక తంత్రి పడిపోయినా రెండోది సర్దుకుని దాని దగ్గరకొస్తే మాట మామూలుగానే వినిపించొచ్చు. ముఖ్యంగా క్యాన్సర్ గడ్డ నరంలోకి పాకితే, ఆపరేషనుకి ముందే ఒక తంత్రి ఆగిపోయి ఉండొచ్చు. సర్జనుకి అది తెలియకుండా రెండోవైపు నరం దెబ్బతిందనుకోండి, రెండు తంత్రులూ మధ్యలో బిగుసుకుపోతాయి. అప్పుడు మాట సంగతి తర్వాత, ఊపిరే ఆడదు. గొంతుకి రంధ్రం పెట్టి గొట్టం వెయ్యాల్సొస్తుంది. అందుకే ముందు చూడాలి, తర్వాతా చూడాలి.

మా పెద్దమ్మ విషయంలో జరిగిందిదే. అంటే, చూడకపోవడం. సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. నీళ్లు తాగితే పొలమారేది. "బిడ్డా, గట్టిగ పిలుస్తె గాలే వస్తుంది, ఎవ్వలకు ఇనవడ్తలేదు" అనేది. రెండు నెలల తర్వాత వేరే ఈఎన్‌టీ డాక్టరు స్కోపు వేసి ఎడమ తంత్రి కదలట్లేదన్నాడు. ఆసుపత్రివాళ్లని అడిగితే "ముందునుంచే ఉందేమో, మత్తు ట్యూబు వల్లేమో" అన్నారు. కావచ్చు! కాదని మేమెలా నిరూపించాలి, ముందు ఎలా ఉందో ఎవరూ రాసి పెట్టకపోతే? మా ఆఫీసులో కొత్త వెర్షన్ పెట్టేముందు పాతది ఎలా పనిచేస్తోందో రికార్డు చెయ్యకపోతే మేనేజరు ఊరుకోడు. ఒక వెబ్‌సైటుకున్న విలువ మా పెద్దమ్మ గొంతుకి లేదన్నమాట.

తంత్రుల్ని చూడ్డానికి సిసలైన పరీక్ష లారింగోస్కోపీ. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపించి నేరుగా చూస్తారు. దానికి ఈఎన్‌టీ డాక్టరు, స్కోపు, టైమూ కావాలి. కానీ థైరాయిడ్ గడ్డకి మెడ స్కానింగు ఎలాగూ తీస్తారు కదా? అదే మెషీను, అదే ప్రోబు, అదే జెల్లు. ప్రోబుని కొంచెం పైకి, కంఠముడి మీదకి జరపండి. ఊపిరి పీల్చమనండి, "ఆ..." అనమనండి. రెండు వైపులా సమానంగా కదులుతున్నాయా లేదా అన్నది తెర మీద కనిపిస్తుంది. నొప్పి లేదు, మత్తు లేదు, రేడియేషన్ లేదు, అలవాటైన చేతికి ఐదు నిమిషాల పని. 2013లో హాంకాంగ్ సర్జన్లు రెండొందల మందికి పైగా పేషెంట్లకి ఆపరేషన్ ముందూ తర్వాతా ఇలా చూసి, స్కోపుతో సరిపోల్చారు. స్కానులో తంత్రులు సరిగ్గా కనపడనివాళ్లు నూటికి ఐదారుగురే.

లోపాలు లేవా? ఉన్నాయి. మగవాళ్లలో, అందులోనూ వయసు మళ్లినవాళ్లలో, కంఠముడి మృదులాస్థి ఎముకలా గట్టిపడి బొమ్మ సరిగ్గా రాదు. స్కాను తీసే చెయ్యి కూడా నేర్చుకోవాలి. సరే, బొమ్మ రానివాళ్లనీ, అనుమానం వచ్చినవాళ్లనీ, గొంతు మారినవాళ్లనీ, క్యాన్సరున్నవాళ్లనీ స్కోపుకి పంపండి. అయినా థైరాయిడ్ గడ్డలు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకే, ఈ స్కాను బాగా పనిచేసేదీ వాళ్లకే. నూటికి నూరూ రాదు కాబట్టి అసలు చెయ్యం అనడం ఏం న్యాయం?

ఇంకో సాకు చట్టం. గర్భస్థ లింగ నిర్ధారణని నిషేధించే 1994 చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మెషీను ఎవరు పడితే వాళ్లు పెట్టుకోకూడదు, రిజిస్ట్రేషన్ ఉండాలి. 2012లో పోర్టబుల్ మెషీన్ల మీద నిబంధనలు ఇంకా బిగించారు. మా దేవరకొండ తండాల్లో ఆడపిల్లల్ని అమ్ముకున్న వార్తలు చదివినవాడెవడూ ఆ చట్టం వద్దనడు, నేనూ అనను. కానీ మెడ స్కాను తీయొద్దని ఏ చట్టంలో ఉందండీ? రిజిస్టరైన గదిలో, రిజిస్టరైన మెషీనుతో, రోజూ తీస్తున్నదే కదా! ప్రోబు రెండంగుళాలు పైకి జరపడానికి కొత్త జీవో అక్కర్లేదు.

మిషన్లు లేవు, మనుషుల్లేరు అంటారా? మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో వచ్చాయి. నాగర్‌కర్నూలు, వనపర్తుల్లో 2022లో. బీబీనగర్‌లో ఏకంగా ఎయిమ్స్ ఉంది. రేడియాలజీ, సర్జరీ, ఈఎన్‌టీ ఒకే కప్పు కింద ఉండే ఇలాంటి చోట కూడా ఒక పద్ధతి పెట్టుకోలేకపోతే, కాలేజీ బోర్డులు ఎందుకు మరి? నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాదు వంద కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, స్కోపు కోసం ఇంకోసారి రమ్మంటే ఎంతమంది వస్తారు?

ఇక నా అసలు డిమాండు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది మూడు జిల్లాల్లోనే: శ్రీకాకుళం, అనంతపురం, మా పాలమూరు. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకి పెంచారు. మంచిదే. ఆ పథకం నడిచేదే ఆన్‌లైన్ అనుమతుల మీద, అప్‌లోడు చేసిన కాగితాల మీద. థైరాయిడ్ ఆపరేషనుకి అక్కడ రెండు వీడియోలు తప్పనిసరి చెయ్యండి. అనుమతికి ముందు పది సెకన్లు, డిశ్చార్జికి ముందు పది సెకన్లు. "నార్మల్" అన్న ముక్క కుదరదు, తంత్రులు కదులుతున్న బొమ్మే కావాలి, స్కానుదైనా సరే, స్కోపుదైనా సరే. వీడియో లేకపోతే బిల్లు పాసు కాకూడదు. రెండు ఫీల్డులు కలపడం ఎంత పనో నాకు బాగా తెలుసు, అదే నా ఉద్యోగం.

దీనివల్ల సర్జన్లకి నష్టమా? నిజాయితీగా చేసేవాడికి లాభమే. ముందునుంచే పడిపోయిన తంత్రి నింద వాడి మీద పడదు. పేషెంటుకి తొందరగా తెలిస్తే స్పీచ్ థెరపీ మొదలవుతుంది, అవసరమైతే తంత్రిలోకి ఇంజెక్షను ఇచ్చి మధ్యకి జరిపే చికిత్స దొరుకుతుంది. చాలామందికి నెలల్లో దానంతటదే కోలుకుంటుంది కూడా. ఆ సంగతి చెప్పేవాళ్లుంటే సగం బెంగ తీరుతుంది.

కూలీల్ని కేకేసే మేస్త్రికీ, గొర్రెల్ని అదిలించే కాపరికీ, సంతలో కూరగాయలమ్మే అమ్మకీ, బళ్లో పాఠం చెప్పే టీచరుకీ గొంతే బతుకుతెరువు. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఆపరేషన్ అంటే సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: "డాక్టరుగారూ, తంత్రులు రెండూ కదులుతున్నాయా? చూసి రాసివ్వండి." విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రాసిచ్చాకే సంతకం పెట్టండి.