టికెట్ ఒకరిది, విమానం ఇంకొకరిది

“గిదేందిరా, నేను కొన్నది ఒకటి, ఎక్కమంటున్నది ఇంకొకటి!”

అర్ధరాత్రి దుబాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి మా బావ ఫోన్. మర్నాడు సాయంత్రం అత్తమ్మకు ఆపరేషన్. టికెట్ మీద ఉన్న కంపెనీ పేరు చూసి, ఆ కంపెనీ టెర్మినల్‌లో గంటసేపు లైన్లో నిలబడ్డాడు. తీరా కౌంటర్ దగ్గరికి చేరాక, ‘మీరెక్కేది మా విమానం కాదు, ఇంకో టెర్మినల్‌కి వెళ్లండి’ అన్నారట. టాక్సీ పట్టుకుని ఉరికాడు. గేటు మూయడానికి కాస్త ముందు ఎక్కాడు.

దీన్నే కోడ్‌షేర్ అంటారు. ఒక కంపెనీ నడిపే విమానానికి ఇంకో కంపెనీ తన నంబర్ తగిలించి టికెట్లు అమ్ముకుంటుంది. మోసం కాదు, చట్టబద్ధమే. బుకింగ్ పేజీలో చిన్న అక్షరాలతో ‘ఆపరేటెడ్ బై’ అని రాసి ఉంటుంది. మా బావ చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఎప్పుడూ చూడలేదు.

అసలు ఈ తిరకాసు ఎందుకు? ఏ దేశం మీద ఆకాశం ఆ దేశానిదే అని 1944లో చికాగోలో రాసుకున్నారు. అందుకే ఏ ఊళ్లకి రావచ్చు, వారానికి ఎన్ని సీట్లు అన్నది రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చుకోవాలి. లండన్ నుంచి ఢిల్లీకి వచ్చే విదేశీ కంపెనీ, ఢిల్లీలో ఎక్కినవాళ్లని విజయవాడలో దింపడం కుదరదు. అందుకని మన కంపెనీ విమానానికి తన నంబర్ పెట్టుకుని, లండన్–విజయవాడ ఒకే టికెట్ కింద అమ్ముతుంది. ఆ ఏర్పాటుకీ ప్రభుత్వాలు ఒప్పుకోవాలి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నాకు మండేది సీట్ల లెక్క దగ్గర.

అమెరికాతో మనకి 2005లోనే ‘ఓపెన్ స్కైస్’ ఒప్పందం అయింది. ఎన్ని విమానాలైనా నడుపుకోవచ్చు. 2016 విమానయాన విధానం ఇంకో గీత గీసింది: సార్క్ దేశాలకీ, ఢిల్లీకి 5,000 కిలోమీటర్లకి అవతల ఉన్న దేశాలకీ తలుపులు బార్లా తెరుస్తాం, ఇవతలి వాళ్లకి మాత్రం కోటానే. దుబాయ్ ఇవతలే ఉంది మరి. దుబాయ్‌కి కోటా 2014లో పెంచితే వారానికి ఒక్కో వైపు సుమారు 66 వేల సీట్లయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు కదల్లేదు. అబుదాబికి, షార్జాకి వేరే లెక్కలు.

ప్రభుత్వం వాదన కొట్టిపారేసేది కాదు. గేట్లెత్తేస్తే గల్ఫ్ కంపెనీలు మనవాళ్లని దుబాయ్ మీదుగా యూరప్‌కి, అమెరికాకి మోసుకుపోతాయి. మన కంపెనీల డైరెక్ట్ ఫ్లైట్లు ఎదగవు. సరే. కానీ పండక్కో, చావుకో, ఆపరేషన్‌కో వచ్చే జగిత్యాల ఎలక్ట్రీషియన్ దుబాయ్ దాటి ఎక్కడికీ పోవట్లేదు కదా! సీట్లు తక్కువై రేటు పెరిగితే కట్టేది అతనే. మా బావ ఆ రాత్రి టికెట్‌కి పెట్టింది దాదాపు నెల జీతం.

అత్తమ్మ కోలుకుంది. నిన్న బావ తిరుగు టికెట్ స్క్రీన్‌షాట్ పంపాడు. ‘ఆపరేటెడ్ బై’ చుట్టూ ఎర్ర గీత గీసి, కింద రాశాడు: “ఇది సమజైంది. గీ రేటేందిరా?”