హృద్రోగికి మందుల చీటీలో లేని చికిత్స

1953లో జెరెమీ మారిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించి ఒక విశేషాన్ని వెల్లడించారు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లిచ్చే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. శరీరశ్రమే ఇందుకు కారణమై ఉండవచ్చని ఆయన భావించారు. ఫైళ్ల ముందు, కంట్రోలు రూములలో గంటల తరబడి కూర్చునే మనం గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

గుండెకు రక్తాన్నందించే ధమనుల గోడలలో కొవ్వు పేరుకొని, రక్తమార్గం ఇరుకు కావడమే హృదయ ధమని వ్యాధి. వ్యాధి సోకిన తరువాత అలవాట్లు మార్చుకొంటే ప్రయోజనం ఉంటుందా? 1990లో డీన్ ఆర్నిష్ బృందం 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిన పరిశోధన ఆశాజనకమైన సమాధానమిచ్చింది. కొవ్వు బాగా తగ్గించిన శాకాహారం, ధూమపాన విసర్జన, వ్యాయామం, మానసిక ప్రశాంతతకు సాధన - వీటిని ఏడాదిపాటు పాటించినవారిలో ధమనుల ఇరుకు సగటున 40 నుండి 37.8 శాతానికి తగ్గింది. మామూలు వైద్యసంరక్షణలో ఉన్నవారిలో 42.7 నుండి 46.1 శాతానికి పెరిగింది. పాల్గొన్నవారు యాభైమంది లోపే, తగ్గుదల కూడా స్వల్పమే. అయినా వ్యాధి గమనాన్ని మళ్లించవచ్చునన్న నమ్మకానికి అది బలమిచ్చింది.

ఆచరణలో ముఖ్యమైనవి ఇవి:

పొగ: సిగరెట్టు, బీడీ పూర్తిగా మానాలి. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, పొగ త్రాగేవారితో పోలిస్తే, దాదాపు సగానికి తగ్గుతుంది.

నడక: వైద్యుని అనుమతితో కొద్దికొద్దిగా ప్రారంభించి, వారానికి 150 నిమిషాల చురుకైన నడకకు చేరుకోవాలి. భోజనం చేసిన వెంటనే నడవరాదు.

ఆహారం: రోజుకు ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చెంచా మించరాదు. ఊరగాయ, అప్పడం, వడియాలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. కాచిన నూనెను మళ్లీ మళ్లీ వాడరాదు. కూరలు, పండ్లు, పప్పుదినుసులు పెరగాలి.

మనస్సు: తగినంత నిద్ర, ప్రాణాయామం, ఆత్మీయులతో సంభాషణ మేలు చేస్తాయి. దిగులు వీడకపోతే వైద్యునికి చెప్పడానికి సంకోచించరాదు.

ఇవేవీ మందులకు బదులు కావు. ఒంట్లో బాగున్నదని మాత్రలు సొంతంగా ఆపడం ప్రాణాపాయం. నడకలో ఛాతీ బిగపట్టినట్లయితే వెంటనే ఆగి కూర్చోవాలి. కొద్ది నిమిషాలలో తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి.

గృహిణులకు ఒక విన్నపం. రోగికి వేరుగా చప్పిడికూడు వండి పెట్టకండి. ఇంటిల్లిపాదీ ఉప్పు, నూనె తగ్గించి, సాయంకాలం కలిసి నడవండి. ఒంటరిగా పాటించే పథ్యం నెల తిరగకుండానే సడలుతుంది. కుటుంబమంతా పాటించేది అలవాటుగా నిలుస్తుంది. పిల్లల గుండెలకూ అదే రక్ష.